ఆకుపచ్చ పొడి

కాఫీ మర పిడి కనపడకుండా పోయిన రోజున ఆ ఇంట్లో ముందు గొడవ లేచింది, తర్వాత మనుషులు లేచారు.

మర దాని చోటే ఉంది. వంటింటి బల్ల అంచుకి బిగించిన స్క్రూలు కదల్లేదు. పైన గింజలు పోసే గిన్నె, కింద పొడి రాలే చిన్న సొరుగు, అన్నీ ఉన్నాయి. తిప్పే పిడి ఒక్కటే లేదు.

పెద్దకోడలు కాఫీ గింజలు దోసిట్లో పట్టుకుని దాని ముందు నిలబడిపోయింది.

"పిడికి కాళ్ళు రాలేదు కదా, నడిచిపోవడానికి," అంది. ఎవరిని అందో విడమరిచి చెప్పక్కర్లేదు. వంటింట్లో ఇంకొక మనిషే ఉంది.

చిన్నకోడలు పొయ్యి పక్కన నిలబడి, లోతు గిన్నెలో వేసిన మాచా పొడిని, ఆ జపాను పచ్చ టీ ఆకు పొడిని, వెదురు కవ్వంతో నురగ వచ్చేలా గిలక్కొడుతోంది. "నేను చూళ్ళేదక్కా," అంది, చెయ్యి ఆపకుండా.

"ఎందుకు చూస్తావు? నీ కళ్ళు ఆ గిన్నె దాటి వస్తే కదా."

"ఒక్క నిమిషం. ఇప్పుడు ఆపితే ఉండలు కడుతుంది. ఇది మామయ్యకి ఇచ్చొచ్చి నేనూ వెతుకుతాను."

"నువ్వు వెతకాల్సిన పని లేదు. ఎక్కడ పెట్టావో చెబితే చాలు."

కవ్వం ఆగింది.

పెద్దకోడలి మొగుడు, పెద్దవాడు, పళ్ళు తోముకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. ఇంట్లో ఏ తగాదా వచ్చినా తన పనిముట్లతోనే విప్పడానికి చూస్తాడు. "ఏంటి పొద్దున్నే? ఏ అంతస్తు మధ్యలో ఇరుక్కున్నారు ఇద్దరూ?"

"మీ అమ్మ మర పిడి పోయింది."

"పోతే పోయింది. కొట్లో కాఫీ పొడి దొరకదా?"

"ఆ మాట మీ అమ్మ ఉండగా అనాల్సింది."

అతను మూతి తుడుచుకుని నోరు కడుక్కోవడానికి లోపలికి పోయాడు. ఆవిడ పోయి ఇంకా ఏడాది నిండలేదు. ఆవిడ మాట ఎత్తితే ఆ ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. ఆ సంగతి తెలిసే పెద్దకోడలు ఎత్తింది.

"అక్కా, నేనెందుకు తీస్తాను?" చిన్నకోడలి గొంతు పెరగలేదు. ఆస్పత్రిలో రోజంతా మూలిగే మనుషుల చేత కాళ్ళూ చేతులూ ఆడించే ఫిజియోథెరపిస్టు ఆమె. ఎదుటివాళ్ళ కోపాన్ని కూడా నొప్పి కిందే లెక్కేస్తుంది. పెద్దకోడలికి ఒళ్ళు మండేది సరిగ్గా అందుకే.

"ఎందుకా? మామయ్యని కాఫీ మాన్పించావు. బాగుంది. ఇప్పుడు మాచేత కూడా మాన్పిద్దామని. అందరం వరసగా కూర్చుని నీ నాచు నీళ్ళు తాగాలి."

"డాక్టరు మాన్పించాడు, నేను కాదు. గుండె దడ, చేతి వణుకు. నువ్వు కూడా పక్కనే ఉన్నావు కదా."

"డాక్టరు తగ్గించమన్నాడు. మానెయ్యమనలేదు. అయినా నీ పచ్చ పొడిలో మాత్రం కాఫీలో ఉండే కెఫీన్ లేదా? పాకెట్టు మీద రాసే ఉంది. చదవడం నాక్కూడా వచ్చు."

"ఉంది. తక్కువ ఉంది. పైగా కాఫీలా ఒక్కసారి పైకి లేపి కింద పడేయదు. ఆయన తాగింది రోజుకి ఆరేడు కప్పులు. ఒకేసారి ఆపితే తల బద్దలైపోదూ? అందుకే దీంతో మార్చాం." ఆమె గిన్నె చేతిలోకి తీసుకుంది. "చల్లారిపోతోంది. వస్తాను."

మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు వినపడింది. కింద గదిలోంచి మామయ్య గొంతు, "రామ్మా చిన్నమ్మాయ్," అంది.

పెద్దకోడలు దోసిట్లో గింజలు మళ్ళీ డబ్బాలో పోసేసింది.

ఇన్నేళ్ళూ ఆ వేళకి ఆ మెట్లు దిగింది తను. కింద మామయ్య పడుకునే గది, దాన్ని ఆనుకుని ఆయన బోర్డులు రాసే గది. దుకాణాల పేర్లు, వీధి గుమ్మాల మీది పలకలు, గాజు తలుపుల మీద బంగారు రేకు అక్షరాలు, ఆ చుట్టుపక్కల చేత్తో రాసిన బోర్డేదైనా ఆయనదే. ఊళ్ళో అందరూ మాస్టారనే అంటారు. అత్తయ్య కాఫీ పొడి పట్టేది, తను కప్పు పట్టుకెళ్ళేది. కాఫీ తాగుతూ ఆయన ఆ రోజు పని చెప్పేవాడు. ఈ అక్షరానికి పొట్ట ఎక్కువైంది చూడు, ఈ గీత ఊపిరి బిగబట్టి గీయాలి చూడు అంటూ. అలా చూసీ చూసీ ఆమెకి పని పట్టుబడింది. రంగులు నూరడం, కొలత గీతలు వెయ్యడం, చిన్న అక్షరాలు నింపడం ఇప్పుడు ఆమె వంతు. అత్తయ్య పోయాక మర తిప్పడం కూడా తనే తీసుకుంది.

ఆ పొద్దుటి గంట ఆమెది. ఎవరూ రాసివ్వలేదు. అయినా ఆమెదే.

ఆయన కాఫీ మానేశాక కూడా ఆమె మర ఆపలేదు. తనకీ పెనిమిటికీ రెండు కప్పులకి కొట్టు పొడి చాలు. అయినా అదే వేళకి లేచి, అంతే సేపు తిప్పేది. కింద ఆయనకి వినపడాలని. ఆ వాసన మెట్లు దిగి వెళ్ళి ఆయన్ని ఒక్కసారి పైకి పిలుచుకురావాలని. ఆయన ఒక్క రోజు కూడా రాలేదు. పైగా నిన్న, ఆ పచ్చ గిన్నె ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా?" అని అడిగాడట. చిన్నకోడలు మురిసిపోతూ చెప్పింది. తను ఇచ్చిన కాఫీని ఇంకొంచెం అని ఆయన ఏనాడూ అడగలేదు.

ఆమె పిడి కోసం అరలన్నీ కెలికింది. పప్పు డబ్బాల వెనక లేదు. చిల్లుల గరిటెల మధ్య లేదు. పై అరలో చెయ్యి పెట్టి విసురుగా లాగేసరికి మాచా పాకెట్టు అంచు మేకుకి తగిలి నిలువునా చిరిగింది. సన్నటి ఆకుపచ్చ పొడి గట్టు మీద, ఆమె చీర కుచ్చిళ్ళ మీద రాలింది.

అప్పుడే చిన్నకోడలు ఖాళీ గిన్నెతో పైకి వచ్చింది.

ఆమె చూపు గట్టు మీద రాలిన పొడి మీద పడింది.

"కావాలని చెయ్యలేదు," అంది పెద్దకోడలు.

"నేనేమీ అనలేదక్కా."

అదే మరీ కష్టంగా ఉంది. ఒక మాట అనేస్తే చేతులు దులుపుకోవచ్చు.

చిన్నకోడలు పాకెట్టులో మిగిలిన పొడిని కింద పెట్టకుండా పట్టుకుని అటూ ఇటూ చూసింది. గాలి తగిలితే రంగు పోతుందని, వెలుతురు తగిలితే రుచి పోతుందని గొణుక్కుంటూ, కిటికీ పక్కన కడిగి బోర్లించిన ఖాళీ కాఫీ గింజల డబ్బా తీసుకుంది. తుడిచి, పొడి అందులో పోసి, మూత నొక్కి, గట్టు మీద పెట్టింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఖాళీ అయిన ప్రతి కాఫీ డబ్బా కడిగి ఆరబెట్టాక కిందికి దిగి రంగు డబ్బా అవుతుంది. అత్తయ్య పెట్టిన పద్ధతి. కింద అరలో అన్నీ ఆ డబ్బాలే, ఒకే ఎత్తు, ఒకే మూత. ఏ రంగు ఏదో తెలియాలంటే మూత తియ్యాలి. ఇక ఆ డబ్బాల్లో తినేదీ తాగేదీ ఏదీ పొయ్యరు. నిరుడు పెళ్ళయి వచ్చిన చిన్నకోడలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

పెద్దకోడలు చెప్పడానికి నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

కాసేపటికి చిన్నకోడలు ఆస్పత్రికి వెళ్ళింది. ఆమె మొగుడు రాత్రి షిఫ్టు చేసొచ్చి, తలుపేసుకుని పడుకున్నాడు. పెద్దవాడు పనిముట్ల సంచీ భుజాన వేసుకుంటూ గట్టు మీది డబ్బా చూసి, మూత తీసి, లోపలి పచ్చదనం కనపడగానే మూశాడు. "రంగు డబ్బా వంటింట్లో పెడతారా ఎవరైనా? ఇదే పోపులో పడితే అందరం లిఫ్టు లేకుండానే పైకి పోతాం," అని తన జోకుకి తనే నవ్వుకుంటూ దాన్ని చంకలో పెట్టుకుని దిగిపోయాడు.

వెనక పెరట్లో బట్టలారేస్తున్న పెద్దకోడలికి ఆ మాట వినపడలేదు.

*

ఆమె కిందికి వెళ్ళేసరికి మామయ్య అప్పుడే పనిలోకి దిగాడు.

మందుల షాపు బోర్డు అది. రెండు బల్లల మీద పరిచిన, మనిషి నిలువుకి మించిన చెక్క. మీగడ రంగు పూత ఆరింది. నల్లటి అక్షరాలు నిన్ననే పూర్తయ్యాయి. ఇక మిగిలింది చుట్టూ ఆకుపచ్చ అంచు గీత, మూలల్లో నాలుగు రెమ్మలు.

అత్తయ్య పోయాక ఆయన ఒప్పుకున్న మొదటి పెద్ద పని. మధ్యలో చేసినవన్నీ గుమ్మాల మీది చిన్న పేర్లు. వాటిలో కూడా చెయ్యి వణికి, చెరిపి మళ్ళీ రాసినవే ఎక్కువ. ఈ బోర్డు ఒప్పుకున్న రోజున అందరి ముందూ ఒక మాట అన్నాడు. ఇది నిలబడితే నాకు చెయ్యి ఉన్నట్టు. లేకపోతే కుంచెలు కడిగి పెట్టేస్తాను, ఇంక ఎవరూ నన్ను అడగొద్దు.

"పెద్దమ్మాయ్, ఆకుపచ్చ కలుపు. అంచుకి సరిపడా ఒకేసారి కలిపెయ్యి. మధ్యలో అయిపోతే ఛాయ మారిపోతుంది."

"అలాగే మామయ్యా."

అరలో చెయ్యి పెట్టింది. ముందు వరసలో ఉన్న డబ్బా మూత తీసింది.

ఎండుగడ్డి వాసన. మెత్తగా, వేలికి పట్టులా అంటుకునే పొడి.

ఎలా వచ్చిందో వెంటనే అర్థమైంది. ఇలాంటి పని ఆ ఇంట్లో ఒక్కడే చేస్తాడు. నవ్వొచ్చింది కూడా. మూత పెట్టేసి, వెనక వరసలో ఉన్న అసలు ఆకుపచ్చ తియ్యబోయింది. అది నిండుగానే ఉంది.

కిటికీ అంచు మీద పొద్దుటి పచ్చ గిన్నె ముద్ర గుండ్రంగా ఆరిపోయి ఉంది. దాని పక్కన తను కూర్చునే పీట. పీట మీద చిన్నకోడలు మామయ్య వేళ్ళ కసరత్తు కోసం తెచ్చిన రబ్బరు బంతి.

ఆమె చెయ్యి వెనక వరసకి పోలేదు.

ఏముంది? కుంచె ముంచగానే ఆయన పట్టేస్తాడు. రంగుని వాసన చూసి చెప్పే మనిషి. ఇదేంటని అరుస్తాడు. రంగు డబ్బాలో తాగే పొడి పోసిందెవరని అడుగుతాడు. మధ్యాహ్నం చిన్నమ్మాయి వచ్చాక అందరి ముందూ అడుగుతాడు. ఈ ఇంట్లో ఏది ఎక్కడ ఉండాలో తెలియని మనిషివని ఆయన నోటితో ఒక్క మాట. ఆ ఒక్క మాట చాలు. అంతకుమించి ఆమెకేమీ అక్కర్లేదు.

గాజు పలక మీద పొడి వేసి, అవిసె నూనె పోసి, రంగులు కలిపే మొండి కత్తితో నూరింది. రంగు ఎక్కడం లేదు. ఇంకొంచెం పొడి వేసింది. ఇంకొంచెం. తిప్పి తిప్పి నూరాక చూడ్డానికి చక్కటి ఆకుపచ్చే అయింది. లేత ఆకు మీద ఎండ పడినట్టుంది.

చక్కగానే ఉంటుంది. ఈ గదిలో ఆమె నేర్చుకున్న మొదటి సంగతే అది. ఆకుల్లోంచి, పువ్వుల్లోంచి వచ్చే రంగు కంటికి బాగుంటుంది కానీ ఎండకి ఆగదు. నాలుగు వారాల్లో వెలిసిపోతుంది. మట్టిలోంచి, రాతిలోంచి వచ్చిందే బోర్డు మీద నిలుస్తుంది.

రంగు చిప్పలోకి తీసి ఆయన ముందు పెట్టింది.

ఆయన కుంచె ముంచాడు. అలవాటు ప్రకారం పక్కనున్న రేకు ముక్క మీద ఒక గీత లాగాడు. దాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

ఇప్పుడు. ఇప్పుడు అడుగుతాడు.

"కొత్త డబ్బానా?" అన్నాడు.

ఆమె అనుకున్నది ఈ ప్రశ్న కాదు.

"అవును మామయ్యా," అంది. నోటికి ఏది ముందు వస్తే అది వచ్చేసింది.

ఆయన తలూపి, చెయ్యి ఆనించే కర్ర బోర్డు మీద పెట్టి, కుంచె దించాడు.

ఆ గదికి ఒక కట్టుబాటు ఉంది. కుంచె బోర్డు మీద ఉన్నంతసేపు ఆయన మాట్లాడొచ్చు. ఎదుటివాళ్ళు మాట్లాడకూడదు. దగ్గొచ్చినా బయటికి పోయి దగ్గాలి. కొడుకులు చిన్నప్పుడు ఆ గుమ్మంలో నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడేవాళ్ళట.

గీత మొదలైంది. ఎడమ మూలనించి నెమ్మదిగా, ఒకే దళసరిలో, నీళ్ళు వాలుకి పారినట్టు సాగుతోంది. ఆమె ఆయన మణికట్టు చూసింది. వణుకు లేదు. ఏడాదిగా చూడని గీత అది. అంతకు ముందు కూడా అలాంటిది అరుదుగానే చూసింది.

ఆపండి అనాలి. కుంచె బోర్డు మీద ఉంది.

"పెద్దమ్మాయ్," అన్నాడాయన, కళ్ళు గీత మీదనుంచి తియ్యకుండా. "మర పిడి తీసింది నేను."

ఆమె చేతిలో కత్తి పలక మీద పెట్టేసింది.

"నిన్న సాయంత్రం నువ్వు కొట్టుకి వెళ్ళినప్పుడు పైకొచ్చి తీశాను. ఆ కుంచెల సొరుగులో ఉంది. పొద్దున నువ్వు చిన్నమ్మాయిని అంటున్నదంతా వినపడుతూనే ఉంది. లేచొచ్చి చెప్పాల్సింది. నోరు పెగల్లేదు."

గీత సగం దాటింది.

"నువ్వు అచ్చం మీ అత్తయ్య లాగే తిప్పుతావు. కాస్త తిప్పి, ఆపి, గింజలు సర్ది, మళ్ళీ తిప్పుతావు. నిద్రలో ఆ చప్పుడు వినపడగానే కాళ్ళు కిందికి పెట్టేస్తాను. లేచింది, పిలుస్తుంది అనుకుంటాను. చెప్పులు వెతుక్కునేసరికి గుర్తొస్తుంది. రోజూ అంతే. రోజూ కొత్తగా పోతుంది మనిషి."

కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"నీతో చెబుదామనే అనుకున్నాను. ఎలా చెప్పను? నువ్వు మనసు పెట్టి చేస్తున్న పని. అందుకే డాక్టరు కాఫీ మాట ఎత్తగానే సరే అన్నాను. అక్కడితో మర ఆగిపోతుందనుకున్నాను. నువ్వు ఆపలేదు." ఊపిరి తీసుకున్నాడు. కుంచె కదలనివ్వలేదు. "ఆ పచ్చనీళ్ళు మొదట్లో గొంతు దిగలేదు నాకు. చిన్నమ్మాయి ముఖం చూసి తాగాను. ఇప్పుడు బాగానే ఉంది. దాని రుచికి ఎవరూ గుర్తు రారు. ఆ సుఖం నీకు చెబితే తెలియదులే. చెయ్యి కుదురుకుంది, అది లాభం."

పెద్దకోడలు పీట అంచు పట్టుకుంది.

ఇన్నాళ్ళూ తోడికోడల్ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. తన గంటని ఆమె ఎత్తుకుపోయిందని. అసలు ఆ గంట తనది ఎప్పుడని? తను మర తిప్పితే ఆయన విన్నది అత్తయ్యని. తను కప్పు అందిస్తే ఆయన తాగింది అత్తయ్య చేతి కాఫీ. పోయిన మనిషి మీద అసూయ పడొచ్చా? పడకూడదు. కానీ అది అడిగి రాదు.

ఆ మనిషి చిన్నమ్మాయి గిన్నెలో లేదు. అందుకే చిన్నమ్మాయిని ఆయన చిన్నమ్మాయిగానే చూడగలుగుతున్నాడు.

కుంచె కుడి మూలకి చేరి పైకి లేచింది. ఆయన వెనక్కి జరిగి గీతని ఆ చివరనించి ఈ చివరదాకా చూసుకున్నాడు. ముఖంలో ఏదో సడలింది.

"చూశావా?" అన్నాడు. "చూడు. నీ కన్ను మంచిది. చెప్పు, వంకర ఉందా?"

"లేదు మామయ్యా."

"నిజం చెప్పు. నా మొహమాటానికి అనకు."

"గీతలో వంకర లేదు," అందామె. ఇంకొక మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పటికే ఆయన రెండో గీతకి కర్ర పెట్టేశాడు.

*

శనివారం కాబట్టి చిన్నకోడలు, పెద్దవాడు ఇద్దరూ మధ్యాహ్నం భోజనాలు కాగానే ఇల్లు చేరారు. వాళ్ళ వెనకే మందుల షాపాయన కూడా వచ్చాడు. బోర్డు గోడకి ఆనించి ఉంది. నాలుగు వైపులా అంచు, నాలుగు మూలలా రెమ్మలు.

"మాస్టారూ!" అని ఆయన బోర్డు మీదికి వంగి నాలుగు మూలలూ చూశాడు. "మా బావమరిది ప్లాస్టిక్ షీటు మీద అచ్చు వేయించమని పోరు పెట్టాడు. వాడికి చూపించాలి ఇది. పడమటి ముఖం షాపు కదా, సాయంత్రం ఎండ తిన్నగా కొడుతుంది. ఆ ఎండలో ఈ పచ్చ ఎలా ఉంటుందో!" అన్నాడు.

"రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పైన ఆరినట్టు కనపడినా లోపల పచ్చిగానే ఉంటుంది," అన్నాడు మామయ్య. "మీ రెండో షాపుకి కూడా కావాలన్నారు కదా. కొలతలు పంపించండి. చేస్తాను."

చేస్తాను. ఆ మాట విని పెద్దవాడు తండ్రి వంక చూశాడు. చిన్నకోడలు చప్పట్లు కొట్టినంత పని చేసింది. మందుల షాపాయన వెళ్ళగానే మామయ్య కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని వేళ్ళు చాపించి చూసింది.

"బావగారూ, చూడండి. దీని మీద ఆకు పెట్టినా కదలదు. నెల క్రితం గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికేవి."

"అంతా నాచు మహిమ," అన్నాడు పెద్దవాడు. "మా కంపెనీ లిఫ్టులకి కూడా పోస్తాను. ఒక్కటీ వణక్కుండా ఎక్కుతుంది."

మామయ్య నవ్వాడు. ఆ నవ్వు చూసి పెద్దకోడలికి, ఇంత జరిగాక కూడా, ఎక్కడో చురుక్కుమంది. ఆ చెయ్యి తోడికోడలి చేతుల్లో ఉంది.

అందరూ పైకి వెళ్ళారు. మామయ్య కూడా వచ్చాడు, చాలా రోజుల తర్వాత అందరితో కలిసి. వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. పిడి లేని మర వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"మామయ్యా, ఈ పూట రెండో గిన్నె మీ బహుమానం," అంది చిన్నకోడలు. నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. కవ్వం తడిపింది. గట్టు మీద చూసింది. అరలో చూసింది. వంగి కింద చూసింది.

"అక్కా," అంది, "నా డబ్బా చూశావా?"

పెద్దకోడలు కంచాలు తుడుస్తోంది. పొద్దున తను ఏ గొంతుతో అడిగిందో గుర్తొచ్చింది. ఈ గొంతులో ఆ విసురు లేదు. ఉత్తినే అడుగుతోంది.

"ఏ డబ్బా?"

"పొద్దున పాకెట్టు చిరిగితే పోశాను కదా. కాఫీ డబ్బాలో."

పెద్దవాడు నీళ్ళ గ్లాసు దించాడు. "ఆకుపచ్చ పొడి డబ్బానా? అయ్యో, అది నీదా అమ్మా! రంగనుకుని నేనే కింద అరలో పెట్టొచ్చాను." అని పగలబడి నవ్వాడు. "ఇంకా నయం, ఎవరూ బోర్డుకి పుయ్యలేదు."

చిన్నకోడలు కూడా నవ్వింది. "రంగు డబ్బాల్లో పొయ్యకూడదా? నాకు తెలియదు బావగారూ. తప్పు నాదే."

మామయ్య నవ్వలేదు.

బల్ల మీద ఉన్న తన చేతిని చూసుకున్నాడు. గోళ్ళ పక్కన ఆకుపచ్చ ఇంకా అంటుకునే ఉంది. బొటనవేలితో దాన్ని రుద్ది, నెమ్మదిగా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. అవిసె నూనె తప్ప ఇంకేం తెలిసిందో, ఏం తెలియలేదో, ఆ ముఖంలో ఆమెకి కనపడలేదు. తర్వాత తలెత్తి పెద్దకోడలి వంక చూశాడు. కోపంగా కాదు. రేకు ముక్క మీది గీతని వెలుతురుకి తిప్పి చూసినట్టు చూశాడు.

"ఉండు, నేను తెస్తాను," అని పెద్దవాడు లేవబోయాడు.

"నువ్వు కూర్చో," అన్నాడు మామయ్య. "పెద్దమ్మాయి తెస్తుంది. ఏ డబ్బా ఎక్కడుందో తనకే తెలుసు."

ఆమె కంచం కింద పెట్టి మెట్లు దిగింది.

గదిలో నూనె వాసన నిండి ఉంది. డబ్బా అరలో ముందు వరసలోనే ఉంది. తీసి మూత తెరిచింది. పొద్దున చిన్నకోడలు అంచుదాకా పోసిన పొడి ఇప్పుడు అడుగుని అంటుకుని ఉంది. ఎవరు చూసినా చెప్పగలరు.

వెనక వరసలో అసలు ఆకుపచ్చ ఉంది. ఈ గీతని తడి గుడ్డతో తుడిచేసి దాంతో మళ్ళీ గీయొచ్చు. పచ్చిగా ఉన్నంతవరకే వీలవుతుంది. కానీ గీయాల్సింది ఆయన. ఇంత మంచి గీత ఆ చేతికి మళ్ళీ వస్తుందో రాదో ఆయనకే తెలియదు. తుడవాలంటే ముందు ఎందుకు తుడవాలో చెప్పాలి. చెబితే ఎవరు కలిపారో చెప్పాలి. ఎవరు కలిపారో చెబితే, ఎందుకు కలిపారో చిన్నమ్మాయి ఎదుట చెప్పాలి.

"అక్కా, దొరికిందా?" పైనుంచి పిలుపు. "నీళ్ళు మరిగిపోతే చేదెక్కుతుంది!"

"వస్తున్నా," అంది.

బోర్డు మీద నాలుగు వైపులా ఆకుపచ్చ తళతళలాడుతోంది. కిటికీలోంచి వచ్చే ఎండ ఇంకా దాని దాకా రాలేదు. ఆమె డబ్బా రెండు చేతులతో పట్టుకుని మెట్ల మొదట్లో నిలబడి ఉంది. చెప్పాల్సిన మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు.